మోచేతి దగ్గర ఎర్ర దారం

దర్జీ కొట్టు మెట్ల కింద, వెలుతురు పడే వైపు పీట వేసుకుని కూర్చుంటాడు రఫూ బాబాయి. చిరుగు ఎంత చిన్నదైనా ముందు గుడ్డని ఒళ్లో పరచుకుని, పసిపిల్ల వీపు నిమిరినట్టు నిమురుతాడు. ఆ బట్ట అంచు మడతలోంచే ఒక్కో పోగు లాగి, సూదికెక్కించి, పడుగూ పేకా కలిసేదాకా తలెత్తడు. ఎవరైనా విసుక్కుంటే, "చిరిగినంత తొందరగా అతుక్కుంటే ఇక నేనెందుకు బాబూ" అంటాడు. పని అయ్యాక చిరుగెక్కడో తెచ్చినవాళ్లే వెతుక్కోవాలి. అలాంటి మనిషి నీలం చొక్కాకి మాత్రం మోచేతి దగ్గర ఎర్ర దారంతో వంకరటింకర కుట్లు. దీపం కింద చీకటని అందరూ నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు.

అవి భార్య వేసిన కుట్లు. ఆవిడకి ఓపిక తక్కువ. కొట్టుకి బయల్దేరుతున్నవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి, చేతికి దొరికిన దారంతో, "కదలకండి, గుచ్చుకుంటే నన్ననకండి" అంటూ ఒంటిమీదే కుట్టేసింది. ఆవిడ చనిపోయాక ఆ చొక్కా ఉతికి ఉతికి వెలిసిపోయింది. మొన్న ఆ కుట్లూ ఊడాయి. "ఇప్పుడైనా సరిగ్గా కుట్టుకో నాన్నా" అంది కూతురు. ఆదివారం కిటికీ దగ్గర కూర్చుని, చొక్కా ఒళ్లో పరచుకున్నాడు. సూదికి ఎర్ర దారమే ఎక్కించాడు. పాత బెజ్జాలు ఒక్కొక్కటే వేలితో తడుముకుంటూ, ఆవిడ ఎక్కడ తప్పిందో అక్కడే తప్పుతూ, పొద్దువాలేదాకా కుట్టాడు. చివరికొచ్చేసరికి చెయ్యి అలవాటు కొద్దీ ఒక కుట్టు తిన్నగా వేసింది. కాసేపు దానివంక చూసి, విప్పేశాడు.