ఆ దగ్గు నాదన్నాను

మా పడకగది కిటికీ తెరిస్తే ఎదురింటి వాళ్ల తాలింపు చిటపటలు కూడా వినబడతాయి. ఫిల్మ్‌నగర్‌లో గుట్ట దిగే సందుల్లో ఇళ్లన్నీ అంతే, ఒకరి గోడ మీద ఒకరి నీడ. ఆ ఎదురిల్లు డబ్బింగ్ ఇన్‌ఛార్జి గారిది. సినిమాలో ఏ వేషానికి ఎవరి గొంతు పెట్టాలో చూసేది ఆయన. మా ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆయన నోట మా ఆయన పేరు రావాలి.

మా ఆయన డబ్బింగ్ ఆర్టిస్టు. పెద్ద పేరేం లేదు. విలన్ పక్కన నిలబడేవాడు, స్టేషన్లో కానిస్టేబులు, పెళ్లిలో అలిగిన బాబాయి, ఇలా రెండు మాటలని తెర మీంచి తప్పుకునేవాళ్లందరికీ ఆయనే మాట్లాడతాడు. గుంటూరు వైపు నుంచి ఆ గొంతొక్కటే నమ్ముకుని వచ్చాడు. నేను ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుడతాను.

గొంతు మీద బతికేవాళ్లకి చలికాలమంటే హడల్. మెడకి మఫ్లరు, గోరువెచ్చని నీళ్లు, బుగ్గన అతిమధురం ముక్క, పొద్దు వాలకముందే కిటికీ మూత. పెళ్లయిన కొత్తలో నాకు ఊపిరాడేది కాదు. నా దగ్గర మిగిలిన లైనింగ్ గుడ్డ ముక్కల్ని చుట్టచుట్టి కిటికీ రెక్కల సందుల్లో కుక్కేవాడు. క్రిస్మస్ స్టారు కట్టడానికి వైరు బయటికి తీయాలన్నా, ఆ వైరు పక్కన ఎంత గాలి వస్తుందోనని రెండు రోజులు గొణిగేవాడు. పోనీలే, పనికోసమే కదా అని ఊరుకునేదాన్ని.

ఆ ఏడాది దసరా దాటాక ఆయనకి దగ్గు పట్టుకుంది. ఈ పనిలో ఉన్నవాళ్లకో తిక్క ఉంది. దగ్గు వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లరు, కిటికీ ఇంకాస్త గట్టిగా మూస్తారు. చలిగాలి తగలకూడదనేది పైకి చెప్పే మాట. అసలు భయం పక్కింటికి వినబడుతుందేమోనని. 'ఫలానా వాడి గొంతు పోయిందట' అని ఒక్కరు అన్నారంటే చాలు, ఫోను మోగదు. మా ఆయన పగలు సిరప్ తాగి పనికి వెళ్లి, రాత్రి మూసిన గదిలో దగ్గేవాడు. పక్కన నేను.

సాయంత్రానికల్లా ఆయన ఒళ్లు కాలేది. ప్యాంటు నడుము నేనే రెండుసార్లు బిగించి కుట్టాను. ఆఖరికి తువ్వాలు మీద ఎర్రటి జీర కనబడితే, పెద్ద గొడవ పెట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లాను. టీబీ అన్నారు. నాకూ పరీక్ష చేశారు, నాకు అంటలేదన్నారు. ఆ డాక్టరమ్మ మెత్తగానే చెప్పింది: "మందులు ఒక్క పూట కూడా మానకండి. నేను చెప్పేదాకా మూసిన గదుల్లో నలుగురి మధ్య ఉండొద్దు. రాత్రీ పగలూ కిటికీలు తెరిచే ఉంచండి, చలి అని మూశారో ఈవిడకీ వస్తుంది." ఏం పని చేస్తారని అడిగితే మా ఆయన ప్రైవేటు ఉద్యోగమన్నాడు. నేను మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి సందుల్లోంచి గుడ్డ ముక్కలు లాగుతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ ఒక్క సినిమా అయ్యేదాకా ఆగవే. విలన్ తమ్ముడి పాత్ర నాకే ఇస్తానన్నారు. మొదటి సీను నుంచి చివరి సీను దాకా ఉంటాడు వాడు. ఇప్పుడు కిటికీ తెరిస్తే నా దగ్గు తిన్నగా ఆయన చెవిలో పడుతుంది."

"పడనివ్వండి. మనిషి పోయాక పాత్ర ఎవరికి?"

"ఇరవై ఏళ్లుగా దీనికోసమే కదే ఉన్నాను."

అయినా తెరిచేశాను. గుట్ట మీది రాళ్లు పగలంతా తాగిన ఎండ ఏమైపోతుందో కానీ, చీకటి పడితే ఆ సందులో గాలి చర్మం ఒలిచేస్తుంది. రెండు దుప్పట్లు, మంకీ క్యాపులు, పాదాలకి పాత సాక్సులు వేసుకుని ముడుచుకునేవాళ్లం. నా వేళ్లు కొంకర్లు పోయి పొద్దున్నే సూదిలో దారం ఎక్కేది కాదు. ఆయన దిండు నోటికి అదుముకుని దగ్గేవాడు. దిండు కింద ఆ ఒళ్లంతా ఎగిరెగిరి పడుతుంటే వీపు మీద చెయ్యి వేసి ఉంచడం తప్ప నేను చేయగలిగిందేం లేదు.

దిండు ఎంతని ఆపుతుంది? కొన్నాళ్లకి పొద్దున్నే ఇన్‌ఛార్జి గారు కాఫీ గ్లాసుతో బాల్కనీలోంచి పలకరించారు.

"ఏంటమ్మా, మీ ఇంట్లోంచి రాత్రి ఒకటే దగ్గు. ఆయనకి బాగానే ఉంది కదా? ఆ పాత్ర వచ్చే వారమే పెట్టుకున్నామమ్మా."

"ఆయనకేమండీ, గుండ్రాయిలా ఉన్నారు. ఆ దగ్గు నాది."

ఎలా వచ్చిందో ఆ అబద్ధం, తడుముకోకుండా వచ్చేసింది. వెనక్కి తిరిగితే మా ఆయన తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. కళ్లలో నీళ్లు. ఆ రోజు నుంచి నాకు దగ్గడం నేర్పాడు, నవ్వకండి. అందరి నోళ్లకీ తన గొంతు అరువిచ్చే మనిషి, తన దగ్గుకి నన్ను పెట్టుకున్నాడు. "అది గొంతులోంచి వస్తోందే. పొట్టలోంచి రావాలి. చివర కాస్త తడి ఉండాలి" అని చేసి చూపించబోయి నిజంగానే దగ్గు తెర వచ్చి మంచం పట్టుకునేవాడు. నేను మిషను కుడుతూ సందుకంతా వినబడేలా దగ్గేదాన్ని. గొంతులు పోల్చడమే పనిగా బతికే మనిషికి మగ దగ్గుకీ ఆడ దగ్గుకీ తేడా తెలియలేదంటే నాకిప్పటికీ నమ్మకం లేదు. ఆయనకీ ఆ పాత్ర టైముకి అయిపోవాలి, నమ్మేశారు. జాకెట్లు ఇచ్చేవాళ్లు మాత్రం తగ్గిపోయారు. దగ్గే మనిషి కుట్టిన బట్ట ఎవరు తొడుక్కుంటారు?

ఒక్క షేక్‌పేట అమ్మాయి మాత్రం మానలేదు. గుంపు గొంతులకి వెళ్తుంటుంది. జాతరలోనో పెళ్లిలోనో తెర మీద జనం గోలగా అరుస్తుంటారు చూడండి, ఆ అరుపులన్నీ ఒక్క గదిలో ఒకే మైకు చుట్టూ నిలబడి వీళ్లు అరిచేవే. కడుపుతో ఉంది, నెలలు నిండుతున్నాయి.

"అక్కా, పక్కలు జర వదులు చెయ్యవా? ఊపిరి ఆడ్తలేదు. రేపే డబ్బింగ్. అన్న తన పాత్ర అయిపోయినంక మా గుంపుల గూడ నిలబడ్తడట. మస్తు నవ్విస్తడు అన్న, నేనైతే ఆయన పక్కకే ఉంట."

ఆమెను గుమ్మం దగ్గర గాలి తగిలేచోటే నిలబెట్టి కొలత తీసుకుంటున్నాను. టేపు కింద బిడ్డ కదిలింది. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ డబ్బింగ్ థియేటరు నేను చూశాను. పరుపంత మందం తలుపు, చుట్టూ గోడలకి మెత్తలు. బయటి చప్పుడు రాకూడదని కిటికీ అనేదే పెట్టరు.

ఆమె వెళ్లాక మా ఆయన్ని బతిమాలాను. మీ పాత్ర ఒక్కటే చెప్పి వచ్చేయండి, గుంపులో నిలబడొద్దు అన్నాను.

"రానంటే ఎందుకని అడుగుతారు. ఏం చెప్పను?"

"డాక్టరమ్మ ఇంకా సరేననలేదు కదండీ. పోనీ మాస్కు పెట్టుకోండి."

"మాస్కు పెట్టుకుని మైకు ముందు మాట్లాడమంటావా? మొహం పక్కకి తిప్పుకుంటాలే. ఇన్నాళ్లు పక్కనే పడుకున్న నీకేమైంది? వాళ్లకీ ఏం కాదు."

ఇన్నాళ్లూ నాకేం కాలేదన్నదే లెక్క ఆయనకి. నాకు ఒళ్లు మండిపోయింది. జాకెట్టు కుట్లు విప్పుతూ కూర్చున్నాను.

పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తీసి పెట్టుకున్నాడు. తల మీద తువ్వాలు కప్పుకుని వంటింట్లో ఆవిరి పడుతూ, లోపల్నుంచే విలన్ తమ్ముడి మాటలు వల్లె వేస్తున్నాడు. ఎంత బాగుందో ఆ గొంతు. పెళ్లిచూపుల నాడు కూడా నేను మనిషిని సరిగా చూడలేదు, గొంతే విన్నాను. ఎదురింటి బాల్కనీలోకి ఇన్‌ఛార్జి గారు గ్లాసుతో వచ్చారు. నేను కిటికీ దగ్గరికి వెళ్లి ఊచలు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి.

"ఏమండీ, ఆ దగ్గు నాది కాదు. మా ఆయనకి టీబీ. మందులు మొదలై ఎన్నో రోజులు కాలేదు. నలుగురిలో కూర్చోవద్దన్నారు. ఈరోజు ఆయన్ని పిలవకండి. మిమ్మల్ని కూడా ఒకసారి పరీక్ష చేయించుకోమంటున్నాను, అందరినీ."

ఆయన గ్లాసు కింద పెట్టలేదు, తాగలేదు. "ముందే చెప్పాల్సిందమ్మా" అని లోపలికి వెళ్లారు. బాల్కనీ తలుపు పడింది. తర్వాత పడకగది కిటికీ, తర్వాత వంటింటిది.

వెనక మా ఆయన నిలబడి ఉన్నాడు. ఆవిరికి మొహమంతా నీళ్లు కారుతున్నాయి. అరుస్తాడనుకున్నాను, కొడతాడేమోనని కూడా అనుకున్నాను.

"బాగా చెప్పావు. ప్రతి మాటా స్పష్టంగా వినబడింది" అన్నాడు, ఒక కొత్త ఆర్టిస్టుతో అన్నట్టు. ఇస్త్రీ చొక్కా మడత పెట్టి బీరువాలో పెట్టేశాడు.

మందులు పూర్తిగా వాడాడు. జబ్బు పోయింది, ఇక ఎవరికీ అంటదని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట నేను సందంతా తిరిగి చెప్పాను. ఫోను మాత్రం మోగలేదు. ఇప్పుడు టోలిచౌకిలో ఒక టిఫిన్ సెంటర్లో టోకెన్ నంబర్లు పిలుస్తాడు. ఇడ్లీ తయారైందని ఆ గొంతుతో చెబుతుంటే కొత్తవాళ్లు తలెత్తి చూస్తారట. షేక్‌పేట అమ్మాయి బిడ్డని చంకనేసుకుని, అదే జాకెట్టు బిగించమని వచ్చింది. బిడ్డ బొద్దుగా ఉంది. "ఏమన్న అనుకో అక్కా, నేనైతే నా మొగన్ని గిట్ల బద్నాం చెయ్యను" అంది. ఆ బిడ్డ మొహం చూసి ఊరుకున్నాను, లేకపోతే జాకెట్టు ఆమె మొహాన కొట్టేదాన్నే.

మళ్లీ చలి వచ్చింది. ఇప్పుడు కిటికీ మూసుకోవచ్చు. కానీ తెల్లవారకముందే మా ఆయన లేచి రెండు రెక్కలూ బార్లా తెరుస్తాడు. మెడకి మఫ్లరు కూడా లేకుండా ఊచలకి ఎదురుగా కుర్చీ వేసుకుని, కానిస్టేబుల్లా, అలిగిన బాబాయిలా, విలన్ తమ్ముడిలా గొంతు మార్చి మార్చి మాట్లాడతాడు. తన గొంతు బాగుందని ఎదురింటికి వినబడాలని. చలికి ఆ ఇంటి కిటికీలన్నీ మూసే ఉంటాయి. నేను దుప్పట్లో వణుకుతూ, నిద్రపోతున్నట్టే పడుకుని అన్నీ వింటాను. నవ్వుతాడు, బెదిరిస్తాడు, కాళ్లావేళ్లా పడతాడు. తర్వాత కుర్చీ జరిపి, నా వైపు చూడకుండా పనికి వెళ్లిపోతాడు. ఆ పొద్దున్న నుంచి మా ఆయన నాతో మాట్లాడలేదు.