ఉమ్మడి గోడకు ఇవతలి నుంచి

అక్కయ్యగారి వంటగదిలో నేడు కూడిన బంధుమిత్రులందరికీ నమస్కారములు. ఈ లేఖ ఒక్క గోడ దాటి వస్తున్నది గనుక తేదీని, ఊరిని వ్రాయలేదు.

మా పక్కింటి అక్కయ్యగారు నిద్రలోనే వెళ్ళిపోయారని పాలు పోసే ఆమె వచ్చి చెప్పినప్పుడు నా చేతిలో సుత్తి ఉన్నది. గోడ తట్టి అక్కయ్యగారిని పిలుద్దామని అప్పుడే లేచి నిలబడ్డాను.

కాట్రేనికోన నుంచి, అప్పనపల్లి నుంచి వచ్చినవారికి ఈ సంగతి తెలియకపోవచ్చును. మా రెండిళ్ళ నడుమ ఉన్నది ఒకటే గోడ, ఇటుకతో సున్నంతో కట్టిన పాతది. అటు ఆమె ఊరగాయ జాడీల అర, ఇటు నా పుస్తకాల అర. అర నిలవాలంటే ఇటుక మధ్యను తొలిచి, చెక్కమేకు దిగగొట్టి, దానికి అరను మోసే దన్నుచెక్కను బిగించాలి. ఇటు దెబ్బ అటు అదురుతుంది. అందుచేత ఒకరు సుత్తి పట్టినప్పుడు, రెండవవారు తమ వైపు సామాను దించి, గోడకు అరచెయ్యి ఆనించి నిలబడడం మా ఆచారం. గోడపూత కదిలితే "ఆగండి" అనాలి. కదలకపోతే అక్కయ్యగారు "ఆయ్" అనేవారు, అంతే.

"పూర్తి వాక్యం చెప్పండి అక్కయ్యగారూ, క్రియ ఏదీ?" అని అడిగేవాణ్ణి.

"గోడకి వ్యాకరణమెందుకండీ మాస్టారూ? కొట్టండి, చెయ్యి లాగేస్తంది."

ఆమె ఇంట మేకులు కొట్టించినప్పుడు చెయ్యి ఆనించడం నా వంతు. రెండవ చేత పుస్తకం ఉండేది. "పేజీ తిప్పిన చప్పుడు ఇక్కడికి వినపడుతోందండీ!" అని అటునుంచి దెప్పేవారు. పని ముగియగానే వీధి చుట్టి వచ్చి, గిన్నెడు పులిహోర నా గడప మీద పెట్టి, కూర్చోమన్నా కూర్చోక వెళ్ళిపోయేవారు.

నా భార్య గతించిన తరువాత, ఈ ఇంట్లో నా మాటకు బదులుగా వినవచ్చినది ఆ "ఆయ్" ఒక్కటే. ఆ సంగతి ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. కానీ బాగున్న అరను కూడా అప్పుడప్పుడు విప్పి బిగించడం ఆమె గమనించే ఉంటారు. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు.

ఈసారి నిజంగానే కొత్త అర. అమలాపురం అడితి నుంచి టేకు చెక్క తెప్పించాను. ఆమె పోయిన ముందునాటి సాయంత్రానికి రెండు దన్నుచెక్కలు బిగిశాయి. మూడవదానికి రంధ్రం తొలిచాను.

"అది రేపు కొట్టుకుందామండి. పొయ్యి మీద పులుసుంది. మీ పుస్తకాలెక్కడికీ పారిపోవు లెండి."

ఆమె నుంచి నేను విన్న చివరి మాటలు అవే.

పుస్తకాలు నేల మీదనే ఉన్నాయి. ఆమె పోయాక ఒకసారి రంధ్రంలో మేకు నిలిపి, అలవాటుగా "కొట్టమంటారా?" అన్నాను. అడిగిన తరువాత సుత్తి లేవలేదు.

సభలో నిలబడి మాట్లాడడం నా వల్ల కాదు. అందుచేత ఒక మనవి. జాడీల అర పక్కకు వచ్చి, మీలో ఎవరైనా ఈ లేఖను పైకి చదవండి. గోడ మందమైనది, కాస్త గట్టిగా, తొందరపడక చదవండి. ఇవతల నేను అరచెయ్యి ఆనించి నిలబడి ఉంటాను.