నాగమణి టావెర్న్‌లో భోంచేసిన శనివారం

నాగమణికి అరవై రెండేళ్లు. ఉదయగిరి దగ్గర ఒక పల్లెలో ముప్ఫై ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయింది. ఈ మార్చిలో అమెరికాలో, బెంటన్‌విల్‌లో ఉన్న కూతురు స్రవంతి దగ్గర ఆరు నెలలు ఉందామని వచ్చింది.

వచ్చిన మూడో శనివారం స్రవంతి, అల్లుడు అనుదీప్, తొమ్మిదేళ్ల మనవరాలు నిధి ఆమెను అడవి దారిలో నడకకు తీసుకుపోయారు. ఒక చిన్న ఊరి చివర కారు పెట్టి, కొండ చుట్టూ నాలుగు మైళ్లు నడిచి, మళ్లీ ఆ ఊళ్లోనే భోంచేయాలని ప్లాను. ముందురోజు గట్టి వాన పడింది. మైలు దాటేసరికి దారంతా ఎర్రటి జిగురు బురద. అనుదీప్ రెండుసార్లు జారి కూర్చున్నాడు. నిధి బూటు ఒకటి ఊడి బురదలోనే ఉండిపోయింది.

నాగమణి బూట్లు విప్పి చేత్తో పట్టుకుంది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, మడమ ముందు ఎట్లా దించాలో మనవరాలికి చూపించింది. పెళ్లికి ముందు నాలుగేళ్లు నాట్లకు పోయిన మనిషి. బురద నీళ్లు మంచులా చల్లగా ఉన్నా ఆమెకు ఆ రోజు ఒంట్లో ఎక్కడలేని హుషారు వచ్చింది. చివరి రెండు మైళ్లూ ఆమే ముందు నడిచింది.

ఊళ్లో తిండి దొరికే చోటు ఒకటే ఉంది. పాత చెక్క ఇల్లు, పైన బోర్డు. కిటికీలోంచి అరల నిండా సీసాలు కనపడ్డాయి. అది ఏం కొట్టు అని నాగమణి మనవరాలిని అడిగింది.

"టావెర్న్, అమ్మమ్మా. బీర్ ఉంటుంది. కానీ లంచ్ కూడా ఉంటుంది," అంది నిధి.

నాగమణి మెట్ల దగ్గరే ఆగిపోయింది. స్రవంతి ముఖం వాడిపోయింది. అమ్మ సంగతి తెలిసి కూడా, ఆకలి తొందరలో దీని గురించి ఆలోచించలేదు.

నాగమణి మొగుడు రాజగోపాల్ తాగేవాడు. జిల్లాలో ఆడవాళ్లంతా సారా మీద తిరగబడిన ఏడు, తన ఊరి సారా కొట్టుకు తాళం వేసిన పదిహేను మందిలో ఆమె ఒకతె. నాలుగేళ్ల స్రవంతి ఆ రోజు ఆమె చంకలోనే ఉంది. కొట్టు మూతపడింది గానీ రాజగోపాల్ పక్క ఊళ్లకు పోయి తాగాడు, నలభై రెండో ఏట పోయాడు. ఆ తర్వాత మందు అమ్మే గడప ఆమె తొక్కలేదు.

కార్లో బిస్కెట్లు ఉన్నాయి, ఇంటికి పోదామంది స్రవంతి. ఇంతలో లోపలినుంచి ఒక ముసలామె బకెట్టు వేణ్ణీళ్లు, పాత తువ్వాళ్లు పట్టుకొచ్చింది. ఆ చోటు ఆమెదేనట, పేరు షార్లీన్. చలికి నీలం తిరిగిన నాగమణి పాదాలు చూసి, కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ల దగ్గర బకెట్టు పెట్టింది. తువ్వాలు తనే అందించింది.

నాగమణి కాళ్లు కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంది. తర్వాత కూతురితో, "మితిమీరి తాగినోళ్లని ఏం చేస్తాదో అడుగు," అంది.

స్రవంతికి ఇబ్బందిగా ఉన్నా అడిగింది. షార్లీన్ దాటవేయకుండా జవాబిచ్చింది. కారు తాళాలు లాక్కుని ఇంటికి ఫోన్ చేస్తుందట. కొందరు తిట్టి మళ్లీ రారట. తను ఆపలేకపోయినవాళ్లూ ఉన్నారని, వాళ్లు గుర్తొస్తుంటారని చెప్పింది.

నాగమణి లేచి లోపలికి నడిచింది. సీసాలకు వీపు పెట్టి కూర్చుంది. టమాటా సూపు, చీజ్ పెట్టి కాల్చిన రొట్టె వచ్చాయి. కారం అడిగి వేసుకుని తింది. తింటూనే కొట్టుకు తాళం వేసిన రోజు సంగతంతా నిధికి చెప్పింది. ఆ పిల్లకు ఇవేవీ తెలియవు.

"పోలీస్ వచ్చారా అమ్మమ్మా? నీకు భయం వేసిందా?"

"వచ్చారు. భయమేసింది. అయినా తాళంచెవి ఇయ్యలా."

స్రవంతి తల వంచుకుని కళ్లు తుడుచుకుంది.

వచ్చేటప్పుడు నాగమణి షార్లీన్ చేతులు రెండూ పట్టుకుంది. కారెక్కాక మాత్రం, "ఆమె మంచి మనిషేలే. ఆ కొట్లోకి మాత్రం మళ్లా నన్ను తీసుకురాబాకండి," అంది.

పై శనివారం నుంచి ఆమే పొద్దున్నే లేచి నిమ్మకాయ పులిహోర కలిపేది. అడవిలోనే, ఏదో ఒక బండ మీద కూర్చుని తినేవాళ్లు.