కార్పెట్టు మీద తెల్లమచ్చ

పలాసలో మేం అద్దెకున్న ఇంట్లో ముందుగదినిండా కాఫీపొడి రంగు కార్పెట్టు పరిచి ఉండేది. అది ఇంటావిడది. కింద వాటాలో ఆవిడ ఒక్కతే ఉండేది. ఇల్లిచ్చేటప్పుడు రెండే మాటలు చెప్పింది: కార్పెట్టు పాడుచెయ్యకూడదు, ఇంట్లో జబ్బుమనిషి ఉండకూడదు. చెడ్డ నక్షత్రంలో ఎవరైనా పోతే ఇల్లు నెలల తరబడి మూసిపెట్టుకోవాలని ఆవిడ భయం. నేను రెండింటికీ బుర్ర ఊపాను.

మా ఆయనకి అప్పటికే వారానికి మూడుసార్లు డయాలసిస్. వజ్రపుకొత్తూరు దగ్గర మా ఊరినుంచి ఆటోలో రానూపోనూ ఆయన ఒళ్ళు హూనమైపోయేది. ఈ ఇంటినుంచైతే ఆస్పత్రికి నడిచే వెళ్ళొచ్చు. అబద్ధమాడినందుకు ఇప్పటికీ నేను పెద్దగా సిగ్గుపడను. భయం మాత్రం పడ్డాను, రోజూ. మెట్లమీద అడుగుల చప్పుడైతే చాలు, మందుల సంచీ మంచం కిందకి తోసేదాన్ని. సూదులు గుచ్చీ గుచ్చీ ఆయన ఎడమచేతి నరం తాడులా ఉబ్బిపోయింది. ఊరూరా కిడ్నీరోగులుండే మా ఉద్దానంలో ఆ చెయ్యి చూసి జబ్బేమిటో చెప్పలేని మనిషి ఉండడు. అందుకే మండే ఎండల్లోనూ ఫుల్‌చేతుల చొక్కా తొడిగేదాన్ని.

ఒక బుధవారం ఆస్పత్రినుంచి వస్తూనే గుమ్మం దగ్గర కార్పెట్టుమీదే వాంతి చేసుకున్నాడు. ఆయన్ని పడుకోబెట్టానో లేదో, వాసన కిందికి వెళ్తుందేమోనని నాకు దడ మొదలైంది. తుపాను వెళ్ళాక మా ఊళ్ళో నూతులకీ కాలవలకీ పంచాయతీవాళ్ళు బ్లీచింగ్ పౌడరే చల్లుతారు. మాకు శుభ్రమంటే ఆ వాసనే. గుప్పెడు చల్లి, నీళ్ళు పోసి, బలంకొద్దీ రుద్దాను. వాసన పోయింది. దాంతోపాటు రంగూ పోయింది. పళ్ళెమంత మచ్చ, ముందు నారింజ రంగుకి తిరిగి, ఆనక తెల్లగా పాలిపోయింది.

ఇంటావిడ ప్రతి శుక్రవారం పూజయ్యాక ప్రసాదం పట్టుకుని పైకొచ్చేది. చేతిలో ఒక్కరోజే ఉంది. టీ డికాక్షను అద్దితే గంటలో తెల్లబడింది. మర్నాడు జీడిపప్పు వలిచే షెడ్డులో నా పక్కన కూర్చునే ఆవిడని అడిగాను, దుప్పటిమీద మచ్చ పడిందని మరో అబద్ధమాడి.

"బ్లీచింగు గుణం పోకుండా నువ్వేటేసినా తినెత్తాది. ముందు బాగా కడుగు. ఆనక పొట్టు మరిగించి అద్దు" అంది.

పొట్టంటే పప్పుమీది ఎర్రటి పొర. వలిచేవాళ్ళ గోళ్ళకి పట్టిందంటే ఒకంతట వదలదు. ఇంత కొంగున మూటకట్టుకుని తెచ్చాను. ఆ సాయంత్రమంతా మచ్చమీద నీళ్ళు పోయడం, పాత తువ్వాలుతో ఒత్తి తీయడం, మళ్ళీ పోయడం. శుక్రవారం పొద్దున్నే పొట్టులో తుప్పుపట్టిన మేకొకటి వేసి ముదురు రంగు వచ్చేదాకా మరిగించాను. బీరువా కింద కనబడని కార్పెట్టు మూలమీద ముందు అద్ది చూసుకుని, దూదితో కొంచెం కొంచెంగా అద్దుతూ, ఆరనిచ్చి మళ్ళీ అద్దాను. ఆయన చొక్కాచేతులు పైకి మడిచి పక్కనే కూర్చున్నాడు. అంచుల్లో తక్కువ వెయ్యమని, నడుమ ఇంకోసారి అద్దమని మేస్త్రీలా ఆజ్ఞలు. ఒళ్ళుమండింది, నవ్వూ వచ్చింది. మూడోపూతకి రంగు దగ్గరపడింది గానీ నడుమ ఇంకా వెలవెలబోతూనే ఉంది.

అంతలోనే మెట్లమీద అడుగులు. నేను గిన్నె పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను. ఆయన చటుక్కున జరిగి ఆ తడిమీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

ఇంటావిడ లోపలికొచ్చింది. ఆయనకి నడుం పట్టేసిందని, లేవలేకపోతున్నాడని చెప్పాను. పాపం, ఆవిడే వంగి ప్రసాదం అందించింది. ఆయన లుంగీ అంచు దాటి మచ్చ ఎక్కడ బయటపడుతుందోనని నేను నేలవైపే చూస్తున్నాను. ఆయన భక్తిగా కుడిచెయ్యి చాపి, మోచేతికింద ఎడమచెయ్యి పట్టాడు. నేను తలెత్తేసరికి ఆవిడ చూపు ఆ చేతిమీద ఉబ్బిన నరం దగ్గర ఆగిపోయి ఉంది.

ఆవిడ ఆయన్ని ఒక్కమాటా అనలేదు. తినమని చెప్పి, నన్ను మెట్లదాకా రమ్మంది.

"నిన్ను తిట్టడానికి నాకు నోరు రాదమ్మా. గానీ నాకు బయం. ఈ నెలయ్యేసరికి వేరే ఇల్లు సూసుకోండి" అంది.

రెయిలింగు గట్టిగా పట్టుకుని దిగింది. మళ్ళీ ఆ ఆటో, ఆ గోతుల రోడ్డు, ఆయన ఎన్నాళ్ళు తట్టుకోగలడన్న భయం తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

లోపలికెళ్తే ఆయన ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు. లుంగీ ఎర్రగా తడిసిపోయింది.

"ఎల్పోనాదా?" అన్నాడు మెల్లగా.

తలూపాను.

"సూసినావా, మచ్చ కనబడనిచ్చినానేటి?" అని నవ్వాడు. ఆ జబ్బు వచ్చాక అంత గర్వంగా నవ్వడం నేను చూళ్ళేదు.

"లేదు" అన్నాను. ప్రసాదం ఇంకా చేతిలోనే ఉంటే తినమన్నాను.