పట్టాళం డాక్టరు ముందు రేవు మామ సాక్ష్యం

యుద్ధం నడుస్తున్న ఆ కాలంలో పట్టాళంలో చేరడమంత సులువైన పని లేదని అందరూ అనేవారు. మనిషికి కాళ్లూ చేతులూ సరిగ్గా ఉంటే చాలు, మిగతాది సర్కారే చూసుకుంటుందని పలమనేరు సంతలో దండోరా వేసి మరీ చెప్పారు. అది పచ్చి అబద్ధం. బెల్లం బుట్టను ఒంటిచేత్తో బండికెక్కించే నాలాంటివాణ్ణి, మెడ మీద నాలుగు పొక్కులు చూసి వద్దన్న వాళ్లను తలచుకుంటే ఈ వయసులోనూ నాకు ఒళ్లు మండుతుంది. (ఈ కథ మొదలుపెట్టగానే మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. మీరైనా కూర్చోండి.)

పట్టాళం మీద నాకంత మోజు దేశభక్తి వల్ల కాదు, రాజభక్తి వల్ల అంతకన్నా కాదు. నాయన బెల్లం మండీ వల్ల. తెల్లారి లేస్తే తక్కెడ, ఈగలు, జిగురు. జేబులో చెయ్యి పెడితే జేబుతో సహా బయటికొచ్చేది. పంతొమ్మిదేళ్లు నిండగానే నన్ను ఆ మండీలో కూర్చోబెట్టాలని నాయన నిశ్చయించాడు. నేను కాళ్లావేళ్లా పడితే చివరికి ఒక ఒప్పందానికి వచ్చాడు: పట్టాళం వాళ్లు తీసుకుంటే పోవచ్చు, తీసుకోకపోతే మళ్లీ ఆ మాట ఎత్తకుండా తక్కెడ పట్టుకోవాలి. తోడుగా మా పెద్దమ్మ కొడుకు బయలుదేరాడు. వాడికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. పలమనేరు చలికి వాడి రొమ్ములోంచి వచ్చే కూతలు వీధి చివరిదాకా వినిపించేవి, అందుకే ఊళ్లో వాణ్ణి పిల్లికూతలోడు అనేవారు. వాణ్ణెలాగూ తీసుకోరు, నాకు తోడుగా ఉంటాడులే అనుకున్నాం.

మా బట్టలు ఉతికే పెద్దాయన్ని ఊరంతా రేవు మామ అని పిలిచేది. ఏ బట్ట ఏ ఇంటిదో తెలియడానికి నల్లజీడి గింజను గుచ్చి, ఆ రసంతో బట్ట మీద గుర్తు పెట్టడం ఆయన పద్ధతి. ఎన్నిసార్లు ఉతికినా ఆ మచ్చ పోదు. మామూలుగా అది ఏ పంచె మూలనో కనబడీ కనబడకుండా ఉండేది. కానీ నేను పట్టాళానికి పోతున్నానని తెలిసి మామకు బెంగ పట్టుకుంది. అంతమంది ఒకే రంగు గుడ్డలు కట్టే చోట, వాళ్ల రేవులో నా బట్టలు ఎవరు పోల్చుకుంటారని ఆయన బాధ. అందుకని నా కొత్త చొక్కా కాలరుకూ, బనీనుకూ, లాగు నడుముకూ పెద్దపెద్ద చుక్కలు పెట్టి, అవి ఆరీ ఆరకముందే తెచ్చిచ్చాడు. “యాడికి పోయినా నీ గుడ్డ నీకు చేరతాదబ్బోడా,” అని వీపు తట్టాడు కూడా. నేను ఆ సంబరంలో ముందునుంచే వాటిని తొడుక్కుని ఊరంతా తిరిగాను. పట్టాళం పరీక్షకు చిత్తూరు పోవలసిన రోజుకు మెడా నడుమూ వాచి, పొక్కులు లేచి, ఒకటే దురద.

బొగ్గుతో నడిచే బస్సు మొగిలి ఘాటు దిగి చిత్తూరు ఎండలోకి రాగానే పిల్లికూతలోడి రొమ్ము ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. గొట్టం పెట్టి విన్న డాక్టరుకు పిల్లి కాదు కదా, చీమ కూడా వినబడలేదు. ఏమైనా జబ్బులున్నాయా అని అడిగితే వాడు “ఈడ లేదు సార్,” అన్నాడు. అందులో అబద్ధమూ లేదు. వాణ్ణి తీసుకున్నారు. నన్ను మాత్రం ముట్టుకోకుండా చేతికర్రతో కాలరు పక్కకు జరిపి చూసి, చర్మవ్యాధి, నెల తర్వాత మానితే రమ్మన్నారు.

బుద్ధున్నవాడైతే ఆ నెలా గోక్కుంటూ ఇంట్లో కూర్చునేవాడు. నేను నేరుగా రేవుకు వెళ్లి మామను కడిగేశాను. నేను సగం తిట్టకముందే ఆయనకు నాకంటే ఎక్కువ కోపం వచ్చేసింది. తన గుర్తును రోగమంటాడా ఆ డాక్టరు, తానే వచ్చి చెబుతానన్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి? ఆ వారంలోనే ఇద్దరం బస్సెక్కాం.

మామ డాక్టరు బల్ల మీద రెండు చేతులూ పరిచాడు. “ఈ చేతులు సూడు సామీ. మా తాతకాలం నుంచీ జీడి పిండతా ఉండాము, ఒక్క పొక్కు లేదు. ఊర్లో అందరి గుడ్డలకీ ఇదే గుర్తు, ఎవురికీ ఏమీ కాలా. ఈ పిల్లోడి ఒంటికొక్కటే ఇది పడలా. దీన్ని రోగమంటే ఎట్ట?”

డాక్టరు ఆయనకు కుర్చీ వేయించి శ్రద్ధగా విన్నాడు. జీడి ఇతనొక్కడికే పడదా అని మళ్లీ అడిగాడు. ఇద్దరం ఒకేసారి తలూపాం, నేనైతే కాస్త గట్టిగానే ఊపాను. అప్పుడు ఆయన చల్లగా చెప్పాడు. చర్మవ్యాధి అయితే మందుతో మానేది, నెల తర్వాత తీసుకునేవాళ్లం. ఇది ఒంటి తత్వం, దీనికి మందు లేదు. పట్టాళంలో ప్రతి గుడ్డకూ ఈ జీడి గుర్తే పెడతారు. ఉతికినప్పుడల్లా వాచిపోయే సిపాయితో మేమేం చేసుకోవాలి? ఇక ఎప్పటికీ రానక్కర్లేదన్నాడు. (ఇప్పుడు దీన్ని ఎలర్జీ అంటున్నారు. మా మనవరాలికి దుమ్ము పడదంటే బడిలో అందరూ అయ్యో అంటారు. నన్ను ఒక్కడంటే ఒక్కడు అయ్యో అనలేదు.)

తిరుగు బస్సులో మామ ఆనందం చూడాలి. డాక్టరు దొర కుర్చీ వేయించాడని ఎక్కినవాళ్లందరికీ చెప్పాడు. ఇంట్లో అమ్మ ఆయన్ని కూర్చోబెట్టి పాయసం పెట్టింది. నా బతుకు బుగ్గిచేసిన మనిషికి మా ఇంట్లో విందు. నాయన మాత్రం మండీలో తన పక్కన ఇంకో చాప పరిచాడు.

యుద్ధం ముగిశాక పిల్లికూతలోడు మీసాలతో మండీకి వచ్చాడు. కడుపుమంట అణుచుకుని, ఏ దేశంలో పోరాడావురా అని అడిగాను.

“యాడ పోరాడేదిలే అబ్బా,” అన్నాడు వాడు. “పైదేశం చలికి మళ్లీ కూతలు ఎత్తుకున్నాయి. సరుకుల కొట్లో యేసినారు. ఉన్నన్నాళ్లూ కూసోని బెల్లం తూచినా.”

వాడు ఊరికే ఉండకుండా నా చేతిలోంచి తక్కెడ లాక్కుని, ఎదురుగా ఉన్న బేరానికి రెప్పపాటులో బెల్లం తూచి పడేశాడు. నాయన కళ్లింత చేసుకుని చూసి, “సూడరా, తూకమంటే అదీ,” అన్నాడు నాతో.

ఆ పంతొమ్మిదేళ్లవాడి ఉడుకు తలచుకుంటే ఇప్పుడు ముద్దొస్తుంది, నవ్వూ వస్తుంది. వాడు మెడ గోక్కుంటూ కలలుగన్న పట్టాళంలోనూ ఉన్నది బెల్లమే. అయినా నా ఉక్రోషం నాకుంది. ఆ తర్వాత ఒక జీవితకాలం బెల్లం తూచాను. ఆ పనికి నన్ను పనికిరాడన్నది మాత్రం ఆ పట్టాళం వాళ్లొక్కరే.