పెద్దమ్మ పేరు కింద తాబేలు

ఆ రోజుల్లో మా వరంగల్‌లో డిగ్రీ అయిపోయిన మగపిల్లలు ఎక్కువగా రెండు దార్లు పట్టేవారు. కొందరు తెల్లారకముందే లేచి పోలీసు సెలక్షన్ల కోసం గ్రౌండు చుట్టూ పరుగెత్తేవారు. మిగిలినవాళ్లు ప్రేమలో పడి కవిత్వం రాసేవారు. నాకు పరుగు చేతకాదు. రెండో దారి పడదామంటే, ప్రేమించడానికి నాకు దొరికింది కొత్తవాడలో మా మేనమామ ఇంటి బావిలోని తాబేలు. నీళ్లు శుభ్రంగా ఉంచుతుందని తాత ఎప్పుడో వేశాడట. మధ్యాహ్నం ఎండ బావిలోకి దిగేవేళకు అది పైకి తేలి, తల బయటపెట్టి, లోకాన్ని ఒకసారి చూసి, నచ్చలేదన్నట్టు మళ్లీ మునిగిపోయేది. ఆ నిర్లక్ష్యానికే నేను పడిపోయాను. గట్టు మీద వంగి దానికి నా కవితలు చదివి వినిపించేవాణ్ని. మా అత్త మాత్రం "ఆ బాయి మీద ఏం ముచ్చట్లురా అల్లుడా? జర ఎనకకు జరుగు, నువ్వు పడ్తే నీళ్లు ఖరాబైతయి" అనేది. (నా ప్రాణం గురించి ఆవిడకు ఫికర్ లేదని కాదు. నీళ్ల తర్వాత అదే.) పత్రికలకు పంపిన కవితలకు జవాబు వచ్చేది కాదు. నా మాటలు పదిమంది చదవాలన్న ఆశ మాత్రం లోపల కుములుతూనే ఉండేది.

మామ జంపఖానాలు నేసేవాడు. గుళ్లకూ చర్చిలకూ జంపఖానా ఇచ్చేవాళ్లు అంచు మీద తమ పేరు, కింద ఒక మంచి మాట నేయించుకోవడం రివాజు. ఆ అక్షరాలను ముందుగా గళ్ల కాగితం మీద గీసివ్వడం నా పని. గుండ్రంగా ఉండాల్సిన మన తెలుగు అక్షరాలకు మూలలు తెప్పించడంలో నేను అప్పటికే సిద్ధహస్తుణ్ని. ఒకరోజు కేసముద్రం దగ్గరి ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. "మా ఆడామె పేరు మీద చర్చికి ఇస్తాన. కింద మంచి మాట ఏదన్న మీరే పెట్టుండ్రి" అన్నాడు. మామ నన్ను చూపించాడు: "మా అల్లుడు కవిత్వం రాస్తడు."

"అట్లనా! అయితే నువ్వే రాయి కొడుకా. పాపం ఆమెకు మోకాళ్లు పని చేస్త లేవు. ఆదివారం అందరికన్న ముందు ఇంట్ల నుంచి ఎళ్తది, అందరికన్న ఆఖర్ల చర్చిల అడుగు పెడ్తది."

నిదానంగా నడిచే మనిషి అనగానే నాకు ఇంకేం కావాలి? ఆ సాయంత్రమే పదహారు లైన్లు రాసేశాను. మామ కాగితం చూసి అదిరిపడ్డాడు. "ఏందిరా ఇది? నేను జంపఖానా నేస్తాన్ననుకున్నవా, పేపర్ అచ్చేస్తాన్ననుకున్నవా? అంచు మీద నాలుగు వరుసలే పడ్తయి. కొయ్యి." కోశాను. ఒక్కో లైను కొట్టేస్తుంటే ప్రాణం పోయినట్టుండేది. ముందుగా పేరు పక్కన రివాజుగా వేసే 'సమర్పణ' అన్న మాట తీసేశాను, ఎందుకంటే అది నేను రాసింది కాదు. శీర్షికను మాత్రం తీయలేకపోయాను, కవిని కదా. చివరికి ఎర్రటి జంపఖానా మీద తెల్లటి అక్షరాలతో మొదటి వరుసలో ఆమె పేరు, రెండో వరుసలో 'తాబేలు', మిగతా రెండిట్లో 'ఇల్లంతా వీపున మోసింది, అలిసిందేమో అడగండి' అని పడ్డాయి. మగ్గం మీద ఉన్నంతసేపూ అది నాకు అద్భుతంగానే కనిపించింది.

ఆదివారం పొద్దున ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్లాం. ఊళ్లో అప్పటికే అందరూ చర్చిలో ఉన్నారు. జంపఖానా విప్పి నేల మీద పరవగానే ముందు వరుసలోని పిల్లలు గొంతెత్తి చదివారు, ఆమె పేరూ, ఆ వెంటనే తాబేలూ! ఒకరిద్దరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పెద్దాయన మొహంలో రక్తం లేదు. "నా కొంప ముంచినవు గదరా కొడుకా! ఇగ నాకు ఇంట్ల బువ్వ పుడ్తదా?" అన్నాడు. మామ నా చెవిలో "ఆమె వద్దన్నదంటే పేరు నేసిన జంపఖానా ఇంకెవడు కొంటడురా? ఇన్ని దినాల పని మట్టిల కలిసె" అన్నాడు. అంతలో తలుపులోంచి ఆయన భార్య, ఆ పెద్దమ్మ, వస్తూ కనిపించింది, చేతికర్రతో, ఒక్కో అడుగే వేస్తూ. నిదానపు నడకను చూసి నేను భయపడ్డది అదే మొదటిసారి. పాస్టరయ్య గబగబా తన కుర్చీ తెచ్చి తాబేలు మీద వేసి కూర్చున్నాడు. (ఆయన చేయగలిగిన సాయం అది.)

వచ్చింది. చూసింది. "కుర్చీ తియ్యుండ్రి అయ్యగారూ, నా పేరు కింద ఏం రాసిండ్రో సూస్త" అంది. పాస్టరయ్య లేచాడు. ఆమె మోకాళ్లు పట్టుకుంటూ కింద కూర్చుని, వేలు పెట్టి, ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ కూడబలుక్కుని చదివింది. 'తాబేలు' దగ్గర వేలు ఆగిపోయింది. తర్వాత మళ్లీ కదిలింది. చివరి వరుస రెండుసార్లు చదివింది.

"గిది రాసినోడు ఎవడు?"

నా చుట్టూ ఉన్నవాళ్లంతా నన్ను వదిలి పక్కకు జరిగారు, మామతో సహా.

"నేనే పెద్దమ్మా."

"అలిసిందేమో అడుగుమని మా ఆయన రాయమన్నడా?"

"లేదు పెద్దమ్మా. అది నేనే..."

ఆమె భర్త వైపు తిరిగింది. "ఇన్నేండ్ల సంది ఒక్కపారన్న అడిగినవా నువ్వు?"

ఆయన పాస్టరయ్యను చూశాడు, నేలను చూశాడు. చర్చిలో అబద్ధమాడలేడు. అంతమంది ముందూ మెల్లగా, "అలిసినవా?" అన్నాడు.

"అలిసిన" అందామె. కళ్లు తుడుచుకుంది. తర్వాత అక్షరాలు తొక్కకుండా దూరంగా నిలబడ్డ జనాన్ని చూసి, "ఏందట్ల నిలవడ్డరు? కూసోండ్రి. తాబేలు ఈపు గట్టిదే, ఏం కాదు" అంది. నవ్వులతో చర్చి దద్దరిల్లిపోయింది. మామ ఊపిరి పీల్చుకున్నాడు.

ఇప్పుడు నేను ఫోన్లో కవితలు పెడుతుంటాను. పెట్టీ పెట్టకముందే ఎర్రటి గుండెలు వరుసగా వచ్చి పడతాయి. అంత త్వరగా ఎలా చదివారో నాకు తెలియదు, అడగను కూడా. వేలు పెట్టి అక్షరం అక్షరం నా కవితను చదివిన మనిషి నా జీవితంలో ఆమె ఒక్కతే. కానీ ఆ రోజు తిరిగొస్తూ ట్రాలీ ఆటో వెనక కూర్చున్న ఆ కుర్ర కవి మొహం మాడ్చుకునే ఉన్నాడు. ఎందుకంటారా? కోసేసిన పద్నాలుగు లైన్లూ ఉండి ఉంటే కవిత ఇంకెంత గొప్పగా ఉండేదో అని! ఆ లైన్లలో ఒక్కటీ ఇవాళ నాకు గుర్తు లేదు. వాణ్ని తలచుకుంటే నవ్వొస్తుంది. ఆటోలో వాడి పక్కన కూర్చుని, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడరా, చర్చి మెట్ల దగ్గర పెద్దాయన ఆమెకు చెయ్యందిస్తున్నాడు అని చెప్పాలనిపిస్తుంది.