ఖాళీగా తిరిగొచ్చిన జున్నుపాల గిన్నె

నా చిన్నప్పుడు మా ఇంట్లో గేదె ఈనిందంటే ముందు సంతోషం, దాని వెనకాలే భయం. గుడ్లవల్లేరు దగ్గర మా ఊళ్ళో పాడి లేని ఇల్లు లేదు గానీ దూడలు మాత్రం దక్కేవి కావు. పుట్టిన వారానికల్లా తెల్లగా పారుకుని, కళ్ళు లోతుకు పోయి, తల వాల్చేసేవి. మా పెద్ద గేదెకి వరసగా రెండు దూడలు అలాగే పోయాయి. రెండోది పోయినప్పుడు దాని తోలులో వరిగడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టారు. దాన్ని నాకితేనే గేదె పాలు చేపేది. ఆ గడ్డిబొమ్మను అది అంత ప్రేమగా నాకుతుంటే చూడలేక నేను గొడ్ల చావిడి వైపు వెళ్ళడమే మానేశాను.

మా నాయనమ్మది ఒకటే శాసనం. ఈనిన గేదెకి మాయ పడేదాకా దూడకి పాలు పట్టకూడదు. ముందే పడితే మాయ లోపలే ఉండిపోతుందనీ, చిక్కటి జున్నుపాలు అరగక దూడకి పారుడు పట్టుకుంటుందనీ ఆవిడ నమ్మకం. మాయ పడేసరికి ఒక్కోసారి పొద్దు వాలేది. అప్పటిదాకా దూడ ఆకలితో తడబడుతూ ఉంటే, పొదుగు బరువు తగ్గించడానికి పిండిన ఆ తొలిపాలు మాత్రం ఇంటింటికీ వెళ్ళేవి. పుచ్చుకున్నవాళ్ళు గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదు. పసుపుకొమ్మో, గుప్పెడు బియ్యమో వేసి ఇవ్వాలి. ఆ మర్యాద దగ్గర మా నాయనమ్మ మహా గట్టిది. ఎవరింటి నుంచి ఏం వచ్చిందో ఏడాది తర్వాత అడిగినా చెప్పేది.

రెండో దూడ పోయిన ఏడే మా బాబాయికి పెళ్ళయి, దివిసీమ నుంచి మా పిన్ని కాపురానికి వచ్చింది. వాళ్ళ పుట్టింట్లో దూడ లేచి నిలబడగానే పాలు పట్టేవారట, దూడలు బతికేవట. ఈ మాట ఒకసారి మెల్లగా అంటే, మీ లంకల్లో గేదెలు వేరమ్మా అని నాయనమ్మ తేల్చేసింది. అత్తగారికి ఎదురు చెప్పే రోజులు కావవి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా పిన్నికి నోరూ మంచిదే, బుర్ర ఇంకా మంచిది.

పెద్ద గేదె మూడోసారి ఈనింది. పెయ్యదూడ. ఇదీ పోతే గేదెను సంతకు తోలేస్తానని నాన్న ముందే అనేశాడు. ఆ గేదె అంటే నాకు ప్రాణం. నాయనమ్మ ఈ దూడైనా దక్కాలని మొక్కుకుని, కళ్ళొత్తుకుంటూనే పాలు పిండి, గిన్నె నా చేతిలో పెట్టి, తోడుగా పిన్నిని పంపింది. వీధి గుమ్మం దాటగానే పిన్ని నన్ను వెనక్కి తిప్పి, దొడ్డిదారిన చావిడిలోకి తీసుకెళ్ళింది. పాలలో వేలు ముంచి దూడ నోట్లో పెట్టింది. అది కాసేపు వేలు చీకి, తర్వాత గిన్నెలోనే మూతి పెట్టేసింది. అది తాగిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. గిన్నె ఖాళీ అయ్యాక పిన్ని దూడను కాసేపు తల్లి పొదుగు దగ్గరికి కూడా వదిలింది.

ఖాళీ గిన్నె చూసి నాయనమ్మ మొహం మాడ్చుకుంది.

"ఎవరింటికిచ్చారే?"

"కొత్తగా వచ్చినవాళ్ళకండి, అత్తయ్యా."

"చిటికెడు పసుపైనా వెయ్యలేదు. ఏం మనుషులమ్మా వాళ్ళు?"

"మంచివాళ్ళేనండి. నిదానంగా ఇస్తారు."

నేను నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరిగెత్తాను.

ఆ రోజు మాయ ఎప్పటికన్నా ముందే పడింది. తన మొక్కు ఫలించిందనుకుంది నాయనమ్మ. వారమంతా నేను నిద్రలేస్తూనే చావిడికి పరిగెత్తి దూడ తోక కింద చూసేదాన్ని. పారుడు లేదు. వారం దాటాక అది కట్టుతాడు తెంపుకుని వాకిట్లో గంతులేసింది. నాన్న మళ్ళీ సంత మాట ఎత్తలేదు. నాయనమ్మ మొక్కు తీర్చింది, పిన్ని ప్రసాదం కళ్ళకద్దుకుని తింది.

మరుసటి ఏడు మా చిన్న గేదె ఈనింది. నాయనమ్మ పాలు పిండింది. నేను చేతులు చాచాను గానీ ఆవిడ గిన్నెను పిన్నికి అందించింది.

"ముందు ఆ కొత్తవాళ్ళకి పట్టిరా అమ్మాయ్. దొడ్డిదారెందుకు, ఇటే వెళ్ళు."

ఆవిడకి ఎప్పుడు తెలిసిందో మాకు తెలియదు. పిన్ని తల దించుకుని గిన్నె అందుకుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత నాయనమ్మ అదేదో తన పుట్టింటి ఆచారమన్నట్టే వీధిలో అందరికీ చెప్పింది. పిన్ని ఒక్కనాడూ కాదనలేదు. దూడలు బతుకుతున్నాయి కదా, పేరు ఎవరికొస్తేనేం అనేది నాతో.

ఇప్పుడు నేను బందరులో ఉంటున్నాను. ఎవరితోనైనా వాదనకు దిగబోయే ముందు పిన్ని గుర్తొచ్చి కాస్త ఆగుతాను, అన్నిసార్లూ ఆగలేననుకోండి. మాకు పాలు పోసే అతను అప్పుడప్పుడూ జున్నుపాలు తెస్తాడు. దూడ తాగిందా అని అడిగి గానీ గిన్నె అందుకోను. ఓసారి అతనికి పిన్ని కథ చెప్పాను, ఈమధ్య నేను అడక్కముందే గుమ్మంలోంచే, "కొత్తవాళ్ళు తాగాకే తెచ్చానండీ" అంటున్నాడు. ఆ గిన్నె కడిగి, ఓ బెల్లంముక్క వేసి, తల్లి గేదెకి పెట్టమని తిప్పి పంపుతాను.